బంపరు బిగిస్తే పరువు పోతుందా?

ఈ పోస్టు కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళే చదవండి. మధ్యలో వదిలేసి తిట్టొద్దు, చివరిదాకా చదివి తిట్టండి.

ఏప్రిల్‌లో మిరపకాయలు అమ్మేశాక నేనూ మా ఇంటావిడా అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళొచ్చాం. డల్లాస్ పక్కన ఉంటారు. రెండున్నర నెలలు ఉన్నాం. అక్కడుండగా మా బంధువుల గ్రూపులో ఒక ఫొటో పెట్టా. మా అల్లుడు కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులకి మసి, బనీను చెమటకి తడిసి ఉంది. పక్కన నేను లుంగీ ఎగగట్టి టార్చిలైటు పట్టుకుని కూర్చున్నా. సరదాగా పెట్టాను.

గంటలో ఫోన్లు మొదలైనయి. మా పెద్ద బావమరిది "ఏంది బావా, అల్లుడి ఉద్యోగం గానీ పోయిందా?" అన్నాడు. ఇంకొకాయన "అంత జీతం తెచ్చుకునేవాడు మెకానిక్కు పని చేసుకోవడం ఏందయ్యా, షాపులో ఇవ్వలేడా?" అన్నాడు. మా వదినగారయితే "ఆ ఫొటో తీసెయ్ మరిదీ, అబ్బాయికి సంబంధాలు చూసే టైములో ఇట్టాంటివి పెడితే ఏమనుకుంటారు?" అంది. ఫోన్ చేసినవాళ్ళందరూ రైతులే. రెక్కలు అరగదీసుకుని పిల్లల్ని చదివించినవాళ్ళే. అందుకే నాకు కోపం వచ్చింది. ఈ పోస్టు ఆ కోపంతోనే రాస్తున్నా.

ముందు జరిగింది చెప్తా.

అల్లుడు రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో ఒక మస్టాంగ్ కొన్నాడు. ఫోర్డ్ కంపెనీ వాళ్ళ స్పోర్ట్స్ కారు, 2016 మోడల్. ఈ మస్టాంగ్ 1964లో మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడే కంపెనీ పొడుగాటి జాబితా ఒకటి ఇచ్చి, మీకు కావాల్సినవి ఎంచుకుని మీ కారు మీరు తయారుచేయించుకోండి అందంట. అప్పట్నించీ ఆ కారు కొన్నవాడు దానికి ఏదో ఒకటి తగిలించకుండా ఉండలేడని అల్లుడు నవ్వుతా చెప్పాడు.

మావాడి కారుకి ముందు బంపరు మీద అడ్డంగా పగులు ఉంది, పాత ఓనరు ఎక్కడో రాసుకున్నాడు. షాపుకి తీసుకెళ్తే కొత్త బంపరు, కింద పెదవి లాంటి ముక్క, పక్కలకి స్కర్టులు, వెనక డిక్కీ మీద స్పాయిలరు, అన్నీ కలిపి వాళ్ళు చెప్పిన లెక్క విని నేను అరెకరం మిరప పెట్టుబడి అనుకున్నా. అల్లుడు ఏం మాట్లాడకుండా ఇంటికొచ్చి సామాను ఆన్‌లైన్లో తెప్పించాడు. నాలుగు పెద్ద అట్టపెట్టెలు వచ్చినయి. "మామయ్యా, శని ఆదివారాలు మీకేం పని లేదుగా?" అన్నాడు.

నిజం చెప్తున్నా, ముందు నాకూ నామోషీగానే అనిపించింది. అమ్మాయిని వంటింట్లోకి పిలిచి "వీధి వైపు తలుపు దించెయ్యమ్మా, ఎవరన్నా చూస్తే బాగోదు" అన్నా. అది నా వంక చూసి "నాన్నా, ఎదురింటాయన డాక్టరు, పోయిన వారం వాళ్ళ గడ్డి మిషను ఇంజను విప్పుకున్నాడు" అంది. నేను నోరు మూసుకున్నా.

ఇక పని సంగతి. బంపరు మార్చడం అంటే నాలుగు బోల్టులు తిప్పడం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

మొదటిరోజు కారుకి ఒక్క ముక్క కూడా బిగించలేదు. అల్లుడు పెట్టెలు విప్పి ప్రతిదీ ఎండలో పెట్టి పగుళ్ళు ఉన్నాయేమో, వంగిందేమో చూశాడు. బయటి కంపెనీల బాడీ పార్టులు ఫైబర్ గ్లాసువి, పాలీయురెథేనువి, మామూలు ప్లాస్టిక్కువి రకరకాలుగా వస్తాయి. ఫైబరు తేలిగ్గా ఉంటుంది గానీ దెబ్బ తగిలితే పగులుద్ది. పాలీయురెథేను బరువు గానీ వంగి మళ్ళీ సర్దుకుంటుంది. ఇంకో సంగతి, రంగు వేయించకముందే ఒకసారి కారుకి తగిలించి చూసుకోవాలి. రంగు పడ్డాక సరిపోలేదంటే అమ్మినవాడు వెనక్కి తీసుకోడు. విత్తనాల సంచీ విప్పాక కొట్టువాడు తీసుకుంటాడా, అదే లెక్క.

రెండోరోజు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి కాసేపు ఆగాడు. ఎందుకని అడిగా. బంపరు వెనకాల ఎయిర్ బ్యాగుల సెన్సార్లు ఉంటాయి, కరెంటు ఉండగా వాటి దగ్గర చెయ్యి పెట్టకూడదు, పసుపు రంగు కనెక్టరు కనపడితే దాని జోలికే పోకూడదు అన్నాడు. కారుని జాకీతో లేపాక కింద ఇనుప స్టాండ్లు పెట్టి, కారుని చేత్తో ఒకసారి ఊపి చూసి, అప్పుడు కిందకి దూరాడు. మన ఊళ్ళో ట్రాలీ కింద జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని దూరేవాళ్ళని ఎంతమందిని చూశామో మీకు తెలుసు. వాళ్ళలో చెయ్యి నలిగినవాడు నాకు స్నేహితుడు కూడా.

చక్రాల దగ్గర లోపలి ప్లాస్టిక్కు తొడుగుల స్క్రూలు, పైన రేడియేటరు దగ్గర ప్లాస్టిక్కు క్లిప్పులు, పక్కన ఫెండరు లోపల కనపడకుండా ఉన్న బోల్టులు, ఒక్కోటి తీస్తూ ఒక్కో చిన్న కవర్లో వేసి పైన రాశాడు. కుడి చక్రం, ఎడమ చక్రం, పైన, కింద అని. ఆ కవర్లు పట్టుకునే ఉద్యోగం నాది. ఫాగ్ లైటు తీగ విప్పి బంపరు ముందుకి లాగితే ఊడొచ్చింది.

అప్పుడు చూశా నేను, ఇన్నాళ్ళూ మనం బంపరు అనుకునేది ఉత్త తొడుగేనని. దెబ్బ కాచేది దాని వెనకున్న అడ్డ దూలం, దాని ముందుండే మెత్తటి దిమ్మ. కొత్త తొడుగు ఒకచోట ఆ దిమ్మకి ఆనుతోంది. ఒక అంగుళం దిమ్మ కోసేస్తే సరిపోద్ది కదా అన్నా. "వద్దు మామయ్యా, అది గుద్దుకున్నప్పుడు మనల్ని కాపాడేది. తొడుగు మన సోకు. సోకు కోసం దాన్ని కొయ్యకూడదు" అన్నాడు. తొడుగునే వెనక వైపు ఆకురాయితో కొంచెం అరగదీసి సర్దాడు. హెడ్‌లైటు దగ్గర సందు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ వచ్చింది. బలవంతంగా లాగి బోల్టు బిగించలేదు. విప్పి, రంధ్రం కొద్దిగా సాగదీసి, మళ్ళీ పెట్టాడు. ఇట్టా మూడుసార్లు. ఆ మూడోసారికి మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది.

రంగు మాత్రం ఇంట్లో వెయ్యలేదు. ప్లాస్టిక్కు మీద రంగు పట్టాలంటే వేరే ప్రైమరు కావాలి, దుమ్ము లేని గది కావాలి, మెరుపు రంగు కలపడం తెలిసినవాడు కావాలి. అది నాకు రాదు అని ఒప్పుకుని పెయింటరుకి ఇచ్చాడు. ఇది రాసుకోండి, వచ్చింది చేసుకోవడం ఎంత ముఖ్యమో రానిది వదిలెయ్యడం కూడా అంతే ముఖ్యం.

వెనక స్పాయిలరు రోజు నా విద్య కూడా పనికొచ్చింది. డిక్కీ రేకుకి రంధ్రాలు పెట్టాలి. ఒకసారి పెడితే ఇక పూడ్చేది లేదు. మధ్య గీత ఎక్కడో తేలక అల్లుడు టేపు పట్టుకుని తంటాలు పడుతుంటే, నేను పురికొస అడిగి, మిరప తోటకి అచ్చు తోలేటప్పుడు తాడు పట్టినట్టు రెండు మూలల నుంచి పట్టి సగం చూపించా. ఇద్దరం నాలుగుసార్లు కొలిచి, గుర్తు పెట్టిన చోట టేపు అంటించి, ముందు సన్న రంధ్రం, తర్వాత లావు రంధ్రం వేశాం. అంచు అరగదీసి, బయటపడ్డ ఇనుము మీద ప్రైమరు రాశాం, లేకపోతే అక్కడ్నుంచే తుప్పు మొదలవుద్ది. కింద రబ్బరు వాషరు వేశాం, నీళ్ళు దిగకుండా. పక్క స్కర్టులకి కింద స్క్రూలు, పైన రెండు వైపులా అంటుకునే టేపు. అంటించే ముందు ఆల్కహాలుతో తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా అదిమి, మూడు రోజులు కారు కడగలేదు.

అయిపోయింది. నాలుగు శని ఆదివారాలు పట్టింది. ఆఖరి రోజు సాయంత్రం కారు బయటికి తీసి నిలబెడితే వీధిలో కుక్కని తిప్పే ఒక పెద్దాయన ఆగి, బంపరు సందు మీద వేలు పెట్టి రాసి చూసి, అల్లుడికి చెయ్యి కలిపి వెళ్ళాడు. అక్కడ ఎవ్వరూ నీ ఉద్యోగం పోయిందా అని అడగలేదు.

ఇప్పుడు మన బంధువుల దగ్గరికొస్తా. వాళ్ళ ప్రశ్నలు ఒక్కోటి తీసుకుంటా.

ఒకటి. "అక్కడ కూలి ఎక్కువ, గతిలేక చేసుకుంటారు. ఇక్కడ ఐదొందలిస్తే మనిషి దొరుకుతాడు." సగం నిజం. అక్కడ కూలి ఎక్కువే. అయితే గతిలేనివాడు స్పోర్ట్స్ కారు కొంటాడా? వాళ్ళ స్పేరుపార్ట్సు షాపుల్లో కొన్ని, డిపాజిట్ కడితే పనిముట్లు అప్పుగా ఇస్తాయి. పని చేసుకుని తిరిగిచ్చి డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు. చేసుకునేవాడికి అక్కడ అంత మర్యాద ఉంది. ఇక్కడ ఐదొందలకి దొరికే ఆ మనిషిని మనం ఏమని పిలుస్తాం? ఒరేయ్ అని పిలుస్తాం. అతను వాడే బుర్ర మన కొడుక్కి అక్కర్లేదనుకుంటాం. అసలు రోగం అక్కడ ఉంది.

రెండు. "ఆ సోకులెందుకు, స్పాయిలరు పెడితే కారు ఎగురుద్దా?" ఎగరదు. మావాడు ఆఫీసుకి పోయే వేగానికి దాని వల్ల ఒరిగేది కూడా ఏం లేదు, వాడే చెప్పాడు. సోకే అది. మరి కనుమ రోజు ఎద్దు కొమ్ములకి రంగు వేసేది ఎందుకు? మువ్వల పట్టెడ కట్టేది ఎందుకు? ఎద్దు ఇంకో చాలు ఎక్కువ దున్నుద్దనా? మనదనుకున్న దాన్ని మనం మన చేత్తో ముస్తాబు చేసుకుంటాం. మా నాన్న కొమ్ములకి రంగు వెయ్యడానికి మనిషిని పెట్టలేదు.

మూడు. "బయటి పార్టు వేస్తే వారంటీ పోద్ది, కంపెనీవాడు ఒప్పుకోడు." ఇది అందరూ భయపెట్టే మాట. నా ట్రాక్టరుకి బయట కొన్న ఫిల్టరు వేశానని ఒకసారి సర్వీసు సెంటర్లో నన్ను దొంగని చూసినట్టు చూశారు. అమెరికాలో 1975లోనే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అని వచ్చింది. మా పార్టే వాడాలి, మా దగ్గరే చేయించాలి, లేకపోతే వారంటీ లేదు అని కంపెనీ షరతు పెట్టకూడదు. పాడైంది ఆ బయటి పార్టు వల్లే అయితే అది వేరే సంగతి. కారు సంగతి అట్టా ఉంటే, అదే దేశంలో ట్రాక్టర్ల లోపలి కంప్యూటరుకి కంపెనీలు తాళం వేసి, రైతు తన బండి తాను బాగుచేసుకోకుండా చేశాయి. రైతులు కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో రైతుకి ఆ హక్కు ఇస్తూ చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. వ్యవసాయ యంత్రాలూ వాహనాలూ అందులో ఉన్నాయి. వెబ్‌సైటు వేరు, చట్టం వేరు. ఇక్కడ ఆ హక్కు అడగాల్సింది ఎవరు? మనం. మరి స్పానరు పట్టుకోవడమే పరువు తక్కువ అనుకునేవాడు ఆ హక్కు ఎందుకు అడుగుతాడు?

నాలుగు. "ఇంట్లో చేసుకుంటే ప్రమాదం." దీనికి మాత్రం నేను తల వంచుతా. ఈ పోస్టు చదివి రేపు బండికి ఇష్టమొచ్చింది తగిలించుకోమని నేను చెప్పట్లేదు. మన దేశంలో చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. కార్ల ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ఎందుకో ఆ బంపరు విప్పాక నాకు అర్థమైంది. గార్డుని తీసుకెళ్ళి నేరుగా ఛాసిస్‌కి బిగిస్తారు. గుద్దినప్పుడు ముందు భాగం నలిగి దెబ్బ మింగాలి, గార్డు ఆ దెబ్బని తిన్నగా లోపలికి పంపిద్ది. ఎయిర్ బ్యాగు సెన్సారు లెక్క కూడా తప్పొచ్చు. ఎదురుగా నడిచిపోయే మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

ఇంతకీ, ఆ గార్డు బిగించేది ఎవరు? ఇంట్లో తన చేత్తో చేసుకునేవాడా? కాదు. "ఈ పని మనకెందుకు" అని కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, డబ్బులిచ్చి బిగించుకునేవాడు. నా ఫొటో చూసి నవ్విన నా బావమరిది బండికి ఉంది అట్టాంటి గార్డు. వెనక ఏముందో ఒక్కసారి విప్పి చూసినవాడు ఆ పని చెయ్యడు. ప్రమాదం వచ్చేది చెయ్యి పెట్టడం వల్ల కాదు, తెలుసుకోకుండా పెట్టడం వల్ల, అసలు తెలుసుకోనే అక్కర్లేదనుకోవడం వల్ల.

ఇంతదాకా వాళ్ళని అన్నా. ఇప్పుడు నా సంగతి.

మా వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా నా మోపెడ్ కార్బురేటరు విప్పాడు. నేను పొలం నుంచి వచ్చేసరికి వాకిట్లో గోనెపట్టా మీద అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఏది ముందు తీశాడో అది ముందు, ఏది తర్వాత తీశాడో అది తర్వాత. ఇప్పుడు గుర్తొస్తే ఆ వరస అల్లుడి కవర్ల లాగే ఉంది. అప్పుడు నాకు అది కనపడలేదు. చెంప మీద కొట్టా. "మెకానిక్కు అవుతావా?" అని అడిగా. వాడు ఏడుస్తానే అవుతానన్నాడు. ఇంకొకటి కొట్టా.

పది అయ్యాక ఐటీఐకో పాలిటెక్నిక్‌కో పోతానన్నాడు. రైతు కొడుకు రెంచీ పట్టుకుంటే పిల్లనెవరిస్తారని ఇంటర్ చేయించి, అప్పు చేసి బీటెక్‌లో చేర్చా. కంప్యూటర్లు. పాసయ్యాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఏడు. అమీర్‌పేటలో ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు నేర్చుకుంటున్నాడు. నెలనెలా డబ్బులు పంపిస్తున్నా. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మోటారు స్టార్టరు పనిచెయ్యడం లేదు, చూడరా అంటే "నాకు రాదు నాన్నా, మనిషిని పిలువు" అన్నాడు. వాడికి రాకుండా చేసింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

డల్లాస్‌లో ఆ కవర్లు పట్టుకుని నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గోనెపట్టా. అల్లుడు బాగా చదువుకున్నాడు, మంచి ఉద్యోగం చేస్తున్నాడు, వాడి చేతులకి మసి అంటితే అది ముచ్చట. నా కొడుకు చేతులకి మసి అంటితే అది పరువు తక్కువ. ఎందుకు? మసి ఒకటే కదా. వాడు నా కంటికి పేదవాడిగా కనపడతాడని భయపడ్డా. జీవితమంతా మట్టిలో చేతులు పెట్టిన నేను, చేతి పనిని నా కంటే ఎక్కువ చిన్నచూపు చూసినవాడు ఈ మండలంలో లేడు.

మనం పిల్లలకి రోజూ చెప్పే మాట ఒకటుంది. "నాలాగా కష్టపడకూడదు, చక్కగా చదువుకో." మంచి మాటే. దాన్ని పిల్లలు వినేది మాత్రం ఇంకోలా. చేతులతో చేసేది శిక్ష, చదువు ఆ శిక్ష నుంచి విడుదల అని వింటారు. అందుకే ఇంజనీరింగు చదివి ప్లగ్గు విప్పడం రానివాళ్ళని తయారుచేశాం. వాళ్ళని చూసి మళ్ళీ మనమే నవ్వుతున్నాం.

ఊరికే తిట్టి పోకుండా నేను అడిగేది రెండే.

మీ ఇంట్లో పిల్లగాడో పిల్లో సైకిలు విప్పినా, ఫ్యాను విప్పినా, మీ బండి విప్పినా కొట్టకండి. స్విచ్చి ఆపాడా, స్టాండు పెట్టాడా, విప్పినవి వరసగా పెట్టాడా, అది అడగండి. పక్కన కూర్చుని లైటు పట్టుకోండి. మీకు తెలియకపోతే ఇంకా మంచిది, వాడే మీకు చెప్తాడు.

రెండోది, మీ బండి బాగుచేసే కుర్రాణ్ణి పేరు పెట్టి పిలవండి. ఒరేయ్ అనొద్దు. వాడి దగ్గర మీ పిల్లవాణ్ణి ఒక ఆదివారం కూర్చోబెట్టండి.

ఇక బావమరిది గారికి, వదినగారికి. ఆ ఫొటో తియ్యను. అబ్బాయికి సంబంధం చూసేవాళ్ళు అడిగితే అదే ముందు చూపించండి. ఆ ఫొటో చూసి వద్దనుకునే ఇల్లు మాకూ వద్దు.

మావాడికి నిన్న ఫోన్ చేశా. స్టార్టరు మళ్ళీ కొడుతోంది, ఈసారి మనిషిని పిలవలేదు, నువ్వొచ్చాక ఇద్దరం విప్పుదాం అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కరెంటు తీసేసి ఉంచు, ఈలోపు నువ్వేం ముట్టుకోకు" అన్నాడు. ఆదివారం వస్తానన్నాడు.

రేపు పొద్దున్నే మిరప నారుమడి పని ఉంది. మీ మాటలకి సమాధానాలు సాయంత్రం రాస్తా.